ఎవరి చేతి కుండ

"ఎవ్వలు ముట్టకుండ్రి. ఎట్లున్నది అట్లనే ఉండనియ్యిండ్రి," అన్నది నర్సింగమ్మ.

ఆ మాట అని దేవుడి గది గడప దగ్గరే కూలబడింది. బియ్యం చాట ఇంకా చేతిలోనే ఉంది. ఎదురుగా గోడవారన, సున్నం పూసి జాజుతో ఎర్రగీతలు గీసిన ఐరేని కుండలు వరసగా ఉన్నాయి. నిన్న సాయంత్రం కుమ్మరి ఇంటి నుంచి డప్పులు కొట్టిస్తూ, నెత్తిన బట్ట పందిరి పట్టి, ముత్తైదువలు మోసుకొచ్చిన పెళ్ళి కుండలవి. పొద్దున్నే నర్సింగమ్మ ఒక్కొక్క దాంట్లో పసుపు బియ్యం పోస్తూ వస్తుంటే, మధ్యలో ఒక కుండ ఉన్నట్టుండి నిలువునా విచ్చుకుంది. బియ్యమంతా గచ్చు మీద పారింది. పక్కనున్న దీపం బోర్లాపడి ఆరిపోయింది.

మరునాడు పొద్దున హైవే పక్క ఫంక్షన్ హాల్లో వెంకటేష్‌తో అక్షిత పెళ్ళి.

నాగరాణి వంటింటి గుమ్మం దాకా పరుగున వచ్చి ఆగిపోయింది. పెళ్ళికూతురి కన్నతల్లి ఆమె. కానీ ఐరేని కుండలు ఇల్లు చేరినప్పటి నుంచి ఆ గది గడప తొక్కే హక్కు ఆమెకు లేదు. భర్త ఎల్లేష్ పోయి నాలుగేళ్ళయింది. మొగుడు పోయినదానికి పెళ్ళింట్లో పనికేమీ కొదవుండదు, చోటుకే కొదవ. కూరగాయలు తరగవచ్చు, గంగాళాలు తోమవచ్చు, చుట్టాలకు మంచినీళ్ళు అందించవచ్చు. అదీ వెనక గుమ్మంలోంచి.

"ఏమైందత్తా?" అని అడిగింది అక్కడి నుంచే.

నర్సింగమ్మ కోడలి వైపు చూడలేదు. "ఏం కావాల్నో అదే అయింది," అన్నది.

"కండ్లకు కనవడ్తనే ఉన్నది గదా నాగరాణీ, మల్ల అడుగుడేంది," అన్నది రమ. రమ ఆమె తోడికోడలు, ఎల్లేష్ అన్న దశరథం భార్య. రేపు కన్యాదానం పీటల మీద కూర్చునేది ఆ మొగుడూ పెళ్ళాలే. పాపం, అందుకని రమ రెండు వారాలుగా కొత్త పట్టుచీర మడతల్లోనే బతుకుతోంది.

దశరథం పందిట్లోంచి చెప్పులు విడిచి వచ్చాడు. పగిలిన కుండను చూశాడు, తల్లిని చూశాడు, పసుపు కొట్టడానికి వచ్చిన ఆడవాళ్ళందరినీ ఒకసారి కలియజూశాడు.

"గీ ముచ్చట గడప దాటద్దు. పెండ్లికొడుకోల్ల చెవుల పడ్డదనుకో, ఇగ మనం మొఖం ఎత్తేది లేదు. ఎవరన్న పోయి మల్లప్పను పిల్సుకరాండ్రి. ఉన్నపలంగ రావాలె," అన్నాడు.

ఆడవాళ్ళు రోకళ్ళు కిందపెట్టి ఒక్కొక్కరే వరండాలోకి జరిగారు. వీధిలో మైకువాడు మాత్రం ఏమీ తెలియక పాట మార్చాడు.

నాగరాణి దూరం నుంచే ఆ రెండు చెక్కల్నీ చూసింది. అంచు చక్కగా, తీర్చినట్టు గుండ్రంగా ఉంది. తనది కాదు. తనది ఆ చివర, బియ్యం ఇంకా పడని చోట, మూతి కొంచెం ఎడమకు ఒరిగి, నిలబడే ఉంది. గుండెల మీది బరువు దిగింది. దిగిన మరుక్షణమే ఆమెకు సిగ్గేసింది. ఇల్లంతా ఏడుస్తుంటే నాది బాగానే ఉందిలే అనుకునే మనిషినయ్యానా అని తనను తానే తిట్టుకుంది.

ఆ కుండ తనదని ఆ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కతికే.

చౌటుప్పల్‌లో ఈ ఎండాకాలం పిల్లలకు సెలవులిచ్చి పెద్దలకు బడి పెట్టారు. కాలనీ సంఘం వాళ్ళు కమ్యూనిటీ హాలు గేటుకు ఫ్లెక్సీ కట్టారు, పెద్దలకు వేసవి తరగతులు, పిల్లలకు ప్రవేశం లేదు అని. ఒక మూల బట్టల మీద రంగులు, ఇంకో మూల బుట్టల అల్లిక, వెనక వరండాలో మట్టి పని. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగివచ్చినవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, ప్లాట్లు అమ్మీ కొనీ అలసిపోయినవాళ్ళు, అందరూ నిక్కర్లు తొడిగిన పిల్లల మాదిరి వరసగా కూర్చుని మట్టి పిసికారు. బ్యాంకులో రిటైరైన కృష్ణకాంత్ సారు పెన్నుల డబ్బా చేద్దామని మొదలుపెట్టి చేసినదాన్ని బల్ల మీదికి ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. అయినా ఆయన దాన్ని భార్యకు పుట్టినరోజు కానుకగా ఇస్తానని పట్టుబట్టాడు.

నాగరాణి పేరు రాయించింది అక్షితే. "నేను అత్తగారింటికి పోయినంక ఇంట్ల కూసొని గోడలు చూస్తవా? నీకంటూ ఒకటి ఉండాలె అమ్మా," అని స్కూటీ మీద తెచ్చి గేటు దగ్గర దించిపోయింది. వద్దన్నా వినలేదు.

మట్టి పని నేర్పింది మల్లప్ప. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళైనా ఐరేని కుండలు ఇచ్చే కుమ్మరి ఆయన. కుండలు తిప్పే తన సారెను ట్రాలీ ఆటోలో హాలుకు తెచ్చుకున్నాడు. మొదటి రోజు నాగరాణి చేతికింద మట్టి నిలవలేదు. మూడో రోజో నాలుగో రోజో నిలిచింది. తడిచేతుల మధ్య ఆ ముద్ద తిరుగుతూ తిరుగుతూ పైకి లేస్తుంటే ఆమెకు కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. ఎల్లేష్ పోయాక తన చేతులు తనవే అనిపించింది అప్పుడే. అంతదాకా అవి ఇంటివాళ్ళ చేతులు, అంట్లవి, చీపురువి. రమ కూడా బట్టల మీద రంగులకని రెండు రోజులు వచ్చింది కానీ, రంగు చీరకంటే ఒంటికే ఎక్కువ అంటుకుంటున్నదని మానేసింది.

పెళ్ళి దగ్గరపడ్డాక అకాలపు వాన కొట్టింది. మల్లప్ప వాకిట్లో ఆరబెట్టిన పెళ్ళికుండలు ముద్దలైపోయాయి. మళ్ళీ చేసి, మబ్బులోనే ఎలాగో ఆరబెట్టాడు. అయినా వరసకు ఒకటి తక్కువ పడింది. హాల్లో ఆరిన కుండలు మాత్రం చెక్కుచెదరలేదు.

"నాది పెట్టు పెద్దయ్యా," అన్నది నాగరాణి ఆ రోజు.

మల్లప్ప చేతులు కడుక్కుంటూ ఆగాడు. "ఎవ్వలకన్న తెలిస్తే నిన్ను బతకనియ్యరు బిడ్డా."

"నా బిడ్డ పెండ్లి. పీట మీద నేను లేను, పసుపు కాడ నేను లేను, తలువాల కాడ నేను లేను. ఒక్క కుండన్న ఉండనియ్యి. ఎవ్వలకు తెల్వకుంట ఉండనియ్యి."

ముసలాయన తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ఆ కుండను కూడా బట్టీలో పెట్టాడు. నిన్న సాయంత్రం డప్పుల మధ్య, బట్ట పందిరి కింద, ఎవరో చుట్టాలావిడ నెత్తిన కూర్చుని తన కుండ ఇంట్లోకి వస్తుంటే, వంటింటి కిటికీలోంచి నాగరాణి చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని చూసింది.

మల్లప్ప వచ్చేసరికి ఎండ ముదిరింది. భుజం మీది తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, పందిట్లో నిలబడి, "ఏమాయె పటేలా, పిలిస్తివట," అన్నాడు.

"లోపటికి రా. వచ్చి నీ పనితనం చూడు," అన్నాడు దశరథం.

మల్లప్ప గడప బయట గొంతుక్కూర్చుని, ఒక చెక్కను అందుకుని తిప్పి చూశాడు. విరిగినచోట లోపల మట్టి నల్లగా ఉంది. ఆయన వేలితో రుద్దాడు. ముఖం వాడిపోయింది.

"నాదే పటేలా. లోపట తడి ఆరలె. మబ్బు పట్టి ఉండె గదా, తొందరవడి కాల్చిన. తప్పు నాదే," అన్నాడు.

"తప్పంటే ఒడుస్తదా? రేపు పెండ్లి. ఇయ్యాల ఐరేని కుండ పలిగింది. నా తమ్ముని బిడ్డ బతుకేంగావాలె?"

"నన్నేం చేస్తవో చెయ్యి పటేలా."

"నేనేం చేస్త. ఇగ నీ కుండ మా కులంల ఏ పెండ్లికి ఎక్కదు. పెద్దమనుషులకు చెప్పి మరీ ఆపిస్త."

మల్లప్ప తల వంచుకున్నాడు. మామూలు కుండలు కొనేవాళ్ళు ఎప్పుడో పోయారు. ఇళ్ళలో ఫ్రిజ్‌లు వచ్చాక ఆయనకు మిగిలింది పెళ్ళిళ్ళే. అది కూడా పోతుందని తెలిసినా ఆయన కళ్ళు ఎత్తి వంటింటి వైపు చూడలేదు. చూస్తే ఆమె దొరికిపోతుందని ఆయనకు తెలుసు. నాగరాణికీ తెలుసు.

నోరు మూసుకుంటే చాలు. రేపటిదాకా మూసుకుంటే చాలు. తన కుండ ఆ గదిలోనే ఉంటుంది, పెళ్ళయ్యాక అక్షితా అల్లుడూ వచ్చి దానికే మొక్కుతారు. ద్వారబంధం పట్టుకుని ఆమె నిలబడింది. అంత పిరికిగా, అంత ఆశగా ఆమె ఎన్నడూ నిలబడలేదు.

కానీ రమకు కళ్ళున్నాయి.

"ఆగుండ్రి జర," అంటూ రమ గదిలోకి వంగి చివరి కుండను చూపించింది. "గా మూతి వంకర సూడుండ్రి. మల్లప్ప కుండలకు వంకర నేనెన్నడు సూడలె. హాల్ల క్లాసు కాడ ఇసొంటిదే చూసిన. నాగరాణి చేసింది గిట్లనే ఎడమకు ఒరిగి ఉండె."

దశరథం వంగి ఆ మూతిని చూశాడు.

"క్లాసుల చేసిన కుండలు కలిపినవా మల్లప్పా?" అని దశరథం అడిగాడు. ఈసారి గొంతు పెంచలేదు.

"లేదు పటేలా."

"మల్ల గా వంకరేంది?"

"ముసలోన్ని. చెయ్యి వణుకుతాంది. వంకరవోయింది. అన్ని నా చేతియే."

"అయితే ఒట్టెయ్యి. నీ సారె మీద ఒట్టేసి చెప్పు, అన్ని నా చేతియే అని."

మల్లప్ప లేచి నిలబడ్డాడు. తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. శివరాత్రికి పూజ చేసి, చెప్పుకాలు తగలనీయకుండా, తాత కాలం నుంచి తిప్పుతున్న సారె. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. మూడోసారి, "నా సారె మీద..." అన్నాడు.

"ఒద్దు పెద్దయ్యా," అన్నది నాగరాణి. "అది నాది బావా. ఆ చివరిది నేను చేసిన. నేనే పెట్టుమన్న. పెద్దయ్య ఒద్దనే అన్నడు, నేనే బతిలాడిన."

నర్సింగమ్మ చాట కింద పెట్టింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా కొడుకును పోగొట్టుకున్నది చాలలేదానే నీకు? పిల్లనన్న సుకంగ ఉండనియ్యవా?" అన్నది.

"పలిగింది నాది కాదత్తా. నాది నిలవడే ఉన్నది. చూడు."

"అందుకే పలిగింది. నీది పక్కన పెట్టినందుకే మంచిది పలిగింది."

పగిలితే ఆమె వల్ల, పగలకపోతే పక్కది పగిలింది ఆమె వల్ల. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ప్రతి లెక్కా ఇట్లాగే తేలుతున్నది.

"అయిందేదో అయింది," అన్నది రమ. "ఫంక్షన్ హాలోనికి చెప్తే వాళ్ళే పంపుతరు. రంగులేసిన కుండలు, సెట్టు సెట్టు ఉంటయి స్టోరుల. ఇయి తీసేసి అయి పెడ్దాం. సాయంత్రానికి వచ్చేస్తయి."

"అవి ఎవరు చేసిన్రో అడుగుతవా అక్కా?" అన్నది నాగరాణి.

"ఏంది?"

"ఆ స్టోరు కుండలు. చేసినామెకు మొగుడున్నడా, చచ్చిండా, ఇడిసిపెట్టిండా, అడుగుతవా అంటున్న."

రమ మొగుడి వైపు చూసింది. దశరథం గోడ వైపు చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయిన నాటి నుంచి ఈ తల్లీ కూతుళ్ళ బరువు మోస్తున్నవాడే. రేపటి పెళ్ళి సక్రమంగా జరిగితే తమ్ముడికి మొహం చూపించగలనని నమ్మినవాడు.

"తెల్వకుంటే దోషం లేదు," అన్నాడు మెల్లగా. "తెల్సినంక ఎట్ల ఉంచుత నాగరాణీ? నువ్వే చెప్పు."

ఆ మెత్తదనమే ఆమెను కుంగదీసింది. తిడితే నిలబడేది.

అప్పుడు మేడమీంచి అక్షిత దిగివచ్చింది. ఒంటికి పసుపు, నుదుట కుంకుమ. మాటలన్నీ మెట్ల మీదే విన్నట్టుంది. ఎవరితోనూ ఏమీ అనకుండా తల్లి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

నాగరాణికి ప్రాణం లేచివచ్చింది. స్కూటీ మీద ఎక్కించుకుపోయిన పిల్ల. చేతులకు మట్టితో ఇంటికి వస్తే ఫోటో తీసి నవ్విన పిల్ల. నా అమ్మ చేసింది ఉంటే ఏమవుతుంది అని ఆ గదిలో నిలబడి ఒక్క మాట అంటుందని, అనగలదని, తల్లి నమ్మింది.

"నాకు చెప్పకపోతివి," అన్నది అక్షిత.

"చెప్తే ఒద్దంటవని."

"అనకపోదునేమో."

"ఇప్పుడు అను మల్ల. ఉండనియ్యమను."

అక్షిత పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు వైపు చూసింది. గరిటె తీసుకుని ఒకసారి కలిపింది. మళ్ళీ మూత పెట్టింది.

"వెంకటేష్ మంచోడే అమ్మా. వాళ్ళోల్లు గూడ మంచోల్లే. కాని ఇంతమందిల ఈ ముచ్చట ఆగుతదా? ఇయ్యాల కాకపోతే ఇంకొన్నాళ్ళకు పోతది. రేపు నాకు కడుపు ఆలస్యమైనా, వెంకటేష్ బండి మీదికెల్లి పడ్డా, ఆ అత్తగారింట్ల గోడకు బీట పడ్డా, ఈ కుండ మాటనే వస్తది. ఎన్నిసార్లని చెప్పుకోవాలె నేను?"

"నువ్వు నమ్ముతున్నవా బిడ్డా?"

"నేను నమ్మ."

"మల్ల?"

"నేను నమ్మకపోతే ఒడుస్తదా అమ్మా?" అక్షిత ఏడవలేదు. పసుపు చెదురుతుందని ఆపుకున్నట్టుంది. "తీసెయ్యి. నీ కాళ్ళు మొక్కుత. నువ్వే తీయి, వాళ్ళెవ్వరు దాన్ని ముట్టరు."

కూతురి నోటి నుంచి వచ్చిన ఆ మాటతో ఇంట్లో ఇక అడగడానికి ఎవరూ మిగలలేదు. నాగరాణి చేతులు కొంగుకు తుడుచుకున్నది. సరే అన్నది.

దేవుడి గదిలోకి ఆమె అడుగుపెట్టినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. నర్సింగమ్మ గడప వదిలి పక్కకు జరిగింది. తన కుండను తీసిపారేయడానికి మాత్రం ఆ గడప ఆమెకు తెరుచుకుంది. నేల మీది బియ్యం తొక్కకుండా చూసుకుంటూ పోయి, చివరి కుండను రెండు చేతులా ఎత్తుకుంది. సున్నం చేతులకు అంటింది. లోపల వేళ్ళ గీతలు అలాగే ఉన్నాయి, తన వేళ్ళే.

"ఎటన్న దూరం పెట్టు. వాకిట్ల పెట్టకు," అన్నది నర్సింగమ్మ వెనక నుంచి.

వరండాలో ఆడవాళ్ళు దారి ఇచ్చారు. మల్లప్ప ఆమె వెనకే దిగివచ్చాడు. ఇద్దరూ పందిరి దాటి గేటు దగ్గరికి వచ్చేసరికి, బయట ఒక తెల్లకారు ఆగింది.

కారులోంచి దిగినామెను నాగరాణి అక్షిత ఫోన్‌లో ఫోటోల్లో చూసింది. వెంకటేష్ మేనత్త, హుజూర్‌నగర్ మనిషి. వెనక ఇంకొకామె పళ్ళెం పట్టుకుని దిగింది, అందులో పూలూ పళ్ళూ, గులాబి రంగు కాగితం చుట్టిన పెట్టె. వాళ్ళు మాత్రం నాగరాణిని ఎన్నడూ చూడలేదు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు ఆమె వంటింట్లో ఉంది, చాయ్ తెచ్చింది రమ. నిశ్చితార్థం హుజూర్‌నగర్‌లో జరిగితే ఇల్లు చూసుకోవాలని నాగరాణిని ఇక్కడే ఉంచారు.

మేనత్త గేటు తీస్తూ ఆగింది. నాసిరకం నూలుచీర, సున్నం అంటిన చేతులు, పక్కనే తుండుగుడ్డ ముసలాయన. ఒకసారి ఇద్దరినీ చూసింది.

"ఐరేని కుండోల్లా?" అన్నది. గొంతులో ఏ ఎగతాళీ లేదు. మామూలుగానే అడిగింది.

నాగరాణి వెనక్కి తిరిగి చూసింది. వరండా మెట్ల మీద అక్షిత నిలబడి ఉంది. పసుపు ముఖం, వెనక రమ, దశరథం, గుంజ పట్టుకుని నర్సింగమ్మ. తల్లీ కూతుళ్ళ చూపులు కలిశాయి. మేనత్త కూడా అటే చూసి, "ఈమె కుమ్మరోల్ల మనిషేనా బిడ్డా?" అని మళ్ళీ అడిగింది.

అక్షిత పెదవులు తడుపుకున్నది.

"ఔ అత్తమ్మా," అన్నది. "లోపటికి రాండ్రి."

మల్లప్ప చేతిలోని తుండుగుడ్డ జారి కిందపడింది. వంగి తీసుకున్నాడు.

మేనత్త లోపలికి రాలేదు. నాగరాణి చేతిలోని కుండను వంగి చూసింది, వేలితో తట్టింది. ఖంగుమన్నది.

"మంచిగనే ఉన్నది గదా. పలగలేదు, ఏం లేదు. ఇంట్లకు వచ్చిన ఐరేని కుండ పెండ్లి కాకముందు గడప దాటి బయటికి పోవద్దమ్మా. ఏండ్లు వచ్చినయి నీకు, తెల్వదా? ఇటు తే."

ఆమె రెండు చేతులూ చాచింది. నాగరాణి వదల్లేదు. వదలకూడదని కాదు, చేతులు మాట వినలేదు. మేనత్త కొంచెం లాగాక వచ్చింది. మెడలో పుస్తెలతాడు, నుదుట రూపాయంత బొట్టు, ఆ కుండను చంకకెత్తుకుని ఆమె పందిరి కిందుగా నడిచిపోయింది. మెట్లెక్కుతుంటే నర్సింగమ్మ నోరు తెరిచింది. ఏమని ఆపుతుంది? అక్షిత పక్కకు తప్పుకుంది. రమ తప్పుకుంది. కుండ ఇంట్లోకి పోయింది.

నాగరాణి గేటు దాటి బయట నిలబడింది. లోపల దేవుడి గదిలో పగిలిన చెక్కలు చూసి మేనత్త ఏమన్నదో ఇక్కడికి వినిపించలేదు. కాసేపటికి, వరండాలోకి మళ్ళీ వచ్చి, ఆమె అందరికీ వినబడేట్టే మాట్లాడింది.

"పలిగితే పలిగిందిలే, గదొక ఫికరా? మట్టిది పలగక ఇంకేం చేస్తది. అక్షితా, మీ అమ్మ యాడున్నది బిడ్డా? చూపుల కాడ కనవడలె, నిశ్చయం కాడ రాలె. మా అన్న పోయినంక మా వదినను గూడ గిట్లనే మూలకు కూసోవెట్టిన్రు, నాకు ఇప్పటికి గుండెల కలుక్కుమంటది. అందుకే మీ అమ్మకు చీర తెచ్చిన. రేపు కట్టుకొని పందిట్ల మా పక్కన కూసోవాలె. పిలువు బిడ్డా, నా చేతులతోని ఇస్త."

గులాబి రంగు పెట్టె పళ్ళెంలోంచి తీసి ఆమె చేత్తో పట్టుకుంది. వరండాలో ఒక్కరూ కదల్లేదు. దశరథం తల పక్కకు తిప్పుకున్నాడు. అక్షిత గేటు వైపు చూడకుండా ఉండడానికి నేల చూపులు చూస్తోంది.

మల్లప్ప గేటు రెక్క తెరిచి పట్టుకున్నాడు.

"పో బిడ్డా లోపటికి. పిలుస్తాంది గదా," అన్నాడు.

నాగరాణి తన చేతుల మీది సున్నాన్ని చూసుకున్నది.

"ఏమని పోవాలె పెద్దయ్యా?" అన్నది.